కాస్త జరిగి చోటివ్వండి

అంతరిక్ష నౌకల మీద సాగే రోల్ ప్లే ఆటల్లో ముందుగా ప్రతివాళ్ల చేతికీ ఒక కాగితం వస్తుంది. తాను ఆడబోయే పాత్ర పేరు, వయసు, బలం, తెలివి, నేర్చిన పనులు అందులో రాసుకోవాలి. పేరు కిందనే ఒక గడి ఉంటుంది, ఈ పాత్ర ఏ జాతి ప్రాణి అని. చాలామంది అక్కడ ‘మనిషి’ అని రాసి చకచకా కిందికి వెళ్లిపోతారు. ఎవరో ఒకరు మాత్రం పెన్ను పక్కన పెట్టి, పుస్తకంలో వెనక పేజీలు తిరగేసి, కాసేపు ఆలోచించి, ‘నేను మనిషిని కాను’ అంటారు. బల్ల చుట్టూ హుషారు పుడుతుంది. తోక ఉంటుందా, రక్తం ఏ రంగు, చేతులెన్ని అని ప్రశ్నలు మొదలవుతాయి. నా మనసు మాత్రం ఆ ప్రాణి మీదికి కాక నౌక మీదికి పోతుంది. ఇప్పటిదాకా నలుగురు మనుషుల కోసం కట్టిన నౌక ఇది. దీని తలుపులు, మంచాలు, గాలి, వంటగది, హుకుములు అన్నీ మనిషి కొలతకే ఉన్నాయి. పరాయి ప్రాణి ఎంత బాగా కుదిరిందో తెలుసుకోవాలంటే నేను ఆ ప్రాణి కాగితం చూడను, నౌకలో ఏమేం మారాయో చూస్తాను.

ఈ ఆటలు ఎరగనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ఇవి మొదలయ్యాయి. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు లోకాన్ని నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్రై మాట్లాడతారు. ముందే రాసిపెట్టిన కథ ఉండదు. ‘నేను తలుపు తీస్తున్నాను’ అని ఒకరంటే, తలుపు అవతల ఏముందో నడిపేవారు చెప్తారు. జరుగుతుందో లేదో తెలియని పనికి పాచికలు వేస్తారు. ఒకరు గెలవడం, ఇంకొకరు ఓడడం ఉండదు. రెండేళ్లకే, 1976లో, జేమ్స్ వార్డ్ రాసిన ‘మెటమార్ఫసిస్ ఆల్ఫా’తో ఈ ఆట అంతరిక్ష నౌకలోకి ఎక్కింది. ఆ మరుసటి ఏడు మార్క్ మిల్లర్ ‘ట్రావెలర్’ వచ్చింది. చిన్న పెట్టె, అందులో నల్ల అట్టల పుస్తకాలు మూడు. ఆడటానికి ఇంట్లో ఉండే మామూలు పాచికలు చాలు. నేను హైదరాబాద్‌లో స్నేహితులతో కూర్చుని ఆదివారాలు నడిపేది ఆ ఆటనే.

దాన్నే ఎందుకు పట్టుకున్నానంటే, అందులో నౌక అప్పు మీద నడుస్తుంది. ఫ్రీ ట్రేడర్ అనే రెండు వందల టన్నుల చిన్న సరుకు నౌక. పైలట్, ఇంజినీర్, డాక్టర్, ప్రయాణికుల బాగోగులు చూసే స్టీవార్డ్ ఉంటే నడిచిపోతుంది. నౌక ధరలో 240వ వంతు చొప్పున నెలనెలా కట్టాలి, అలా 480 నెలలు, అంటే నలభై ఏళ్లు. ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి దూకడానికి దూరం ఎంతైనా దాదాపు వారం పడుతుంది. ఆ వారం రోజులూ బయటి నుంచి కబురు రాదు, బయటికి కబురు పోదు. మనుషులున్న ఒక్కో గదికీ గాలి, నీళ్లు, తిండి ఖర్చు కింద ప్రయాణానికి రెండు వేల క్రెడిట్లు లెక్క వేయాలి. ఇంత లెక్కగా, ఇంత ఇరుగ్గా నడిచే చోటు కనుకనే పరాయి ప్రాణి రాక అక్కడ నిజమైన సంఘటన అవుతుంది. ఆ రెండు వేలు ఎవరి ఊపిరితిత్తులను చూసి కట్టిన లెక్క అన్న ప్రశ్న మొదటిరోజే వచ్చి పడుతుంది.

చాలా ఆటల్లో ఆ ప్రశ్న రానివ్వరు. ఆ ప్రాణికి చెవులు మొనతేలి ఉంటాయి, ఒంటి మీద బొచ్చు ఉంటుంది, పోట్లాటలో పాచికకు రెండు అదనం. మిగతా అంతా మనిషే. మనుషుల గాలి పీలుస్తుంది, మనుషుల కుర్చీలో కూర్చుంటుంది, మనుషుల భాషలో పరాచికాలాడుతుంది. నాలుగు వారాలు గడిచేసరికి అది వేరే ప్రాణి అన్న సంగతే అందరూ మరిచిపోతారు. ఇందులో ఆడేవాళ్ల లోపమేమీ లేదు. ఒక మనిషి ఇంకో రకం ప్రాణిగా ఆలోచించడం చాలా కష్టం, ఎక్కడో ఒకచోట చేతికి పట్టు దొరకాలి. ఆ పట్టు నౌకలోనే ఉందని నేనంటాను. ‘నీ ప్రాణి మనసులో ఏముంది’ అని అడిగితే ఎవరైనా తడుముకుంటారు. ‘నీ గదిలో దీపం ఎంత వెలగాలి, నీ పళ్లెం ఎవరు కడగాలి’ అని అడిగితే టక్కున జవాబు వస్తుంది. ఆ జవాబుల వెంటే మనసు కూడా మెల్లగా వస్తుంది.

గాలి సంగతే చూడండి. ఇది కథల్లోని చిక్కు కాదు, నిజంగా జరిగినదే. 1975 జులై 17న అమెరికా అపోలో, సోవియట్ సోయుజ్ భూమి చుట్టూ తిరుగుతూ కలుసుకున్నాయి. రెండింటిలో ఉన్నదీ మనుషులే. అయినా ఒకరి గదిలోకి ఒకరు నేరుగా నడిచిపోవడానికి వీల్లేదు. అపోలోలో దాదాపు శుద్ధమైన ఆక్సిజన్, అదీ భూమి మీద ఉండే ఒత్తిడిలో మూడో వంతుతో. సోయుజ్‌లో మన ఇళ్లలో ఉండే గాలి, మన ఇళ్లలో ఉండే ఒత్తిడితో. సోయుజ్ నుంచి అపోలోలోకి ఒక్కసారిగా వస్తే రక్తంలోని నైట్రోజన్ బుడగలు కట్టి ప్రాణం మీదికి వస్తుంది. అందుకని రెండు నౌకల మధ్య పెట్టడానికి ప్రత్యేకంగా ఒక గది తయారుచేసి అపోలో మోసుకెళ్లింది. సోవియట్ వాళ్లు తమ నౌకలో ఒత్తిడిని మూడింట రెండు వంతులకు తగ్గించుకున్నారు. అవతలి నౌకలోకి వెళ్లాలంటే ఆ నడిమి గదిలో కూర్చుని, తలుపులు మూసి, గాలి మారేదాకా ఆగాలి. రెండు నౌకలను కలిపే కొక్కేల్ని కూడా కొత్తగా చేశారు. అంతకుముందు ఒక నౌక చొచ్చుకుపోయేది, రెండోది పట్టుకునేది. ఈసారి రెండు వైపులా ఒకే రకం అమరిక, ఎవరైనా ముందుకు రావచ్చు, ఎవరైనా ఆగి ఉండొచ్చు. అమెరికన్లు రష్యన్ నేర్చుకుని వెళ్లారు, సోవియట్లు ఇంగ్లీషు నేర్చుకుని వచ్చారు.

ఒకే జాతి ప్రాణులు రెండు రోజుల పాటు కలిసి మెలగడానికి ఇంత చేయాల్సి వచ్చింది. నా ఆటలో ఎవరైనా వేరే గాలి పీల్చే ప్రాణిని తెస్తానంటే నేను అడ్డు చెప్పను, నడిమి గది ఎక్కడ పెడదామని అడుగుతాను. సరుకుల గదిలో ఒక మూల పోతుంది. అంటే ప్రతి ప్రయాణంలో అంత సరుకు తగ్గుతుంది. కిస్తీ మాత్రం తగ్గదు. అప్పుడు కెప్టెన్ లెక్కలు చూస్తూ, ఈ ప్రాణి మనకు అంత అవసరమా అని పైకి అనకుండా అనుకుంటుంది. ఆ ప్రాణికీ అది తెలుస్తుంది. అక్కడినుంచి ఎవరూ రాయని మంచి నాటకం మొదలవుతుంది. వేరే గాలి పీల్చేవాళ్లు నౌకలో ఉన్నారంటే, ఒక జబ్బు సోకినప్పుడు, ఒక పొగ లేచినప్పుడు, వాళ్లొక్కళ్లే నిలబడి ఉంటారన్న సంగతి కూడా ఆ కెప్టెన్‌కు ఎప్పుడో ఒకనాడు తెలిసొస్తుంది.

తిండి దగ్గర చిక్కు ఇంకా బిగుసుకుంటుంది. ట్రావెలర్‌లో క్‌క్రీ అనే జాతి ఉంది. నాలుగు కాళ్లు, రెండు చేతులు, గుర్రం నడుము మీద మొండెం నిలబెట్టినట్టుండే శాకాహారులు. మంద లేకుండా బతకలేరు. ఒంటరిగా పెడితే మనసు చెడుతుంది, ఇరుకు గదిలో పెడితే ఊపిరాడదు. మాంసం తినేవాళ్లంటే వాళ్లకు అసహ్యం కాదు, అంతకు మించినది. వాళ్ల చరిత్రంతా మాంసాహారులతో యుద్ధమే. హైదరాబాద్‌లో అద్దె ఇంటి కోసం తిరిగినవాళ్లకు ఈ క్‌క్రీలు చప్పున అర్థమవుతారు. గేటు దగ్గరే నిలబెట్టి ‘మీరేం తింటారు’ అని అడిగే ఇంటివాళ్లు మనకు తెలుసు. ఆ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉందనీ తెలుసు. తేడా ఏమిటంటే, ఇక్కడ ఆ ప్రశ్న వేసేది ఇంటివాళ్లు కాదు, గది కోసం వచ్చినవాళ్లు. ఒకసారి మా నౌకకు క్‌క్రీ వ్యాపారి కుటుంబాన్ని మోసుకెళ్లే బేరం వచ్చింది. మంచి డబ్బు. నౌకలో మూడు నెలల మాంసం నిల్వ ఉంది. దాన్ని పారేస్తే సరిపోతుందా? గోడలకు పట్టిన వాసన మాటేమిటి? పైలట్ చెమటలో ఉన్నదాని మాటేమిటి? ఆ సాయంత్రం మూడు గంటలు మా వాళ్లు ఒక్క పాచిక వేయకుండా దీని మీదే వాదించుకున్నారు. నిజ జీవితంలో ఇల్లు దొరకక తిరిగిన ఒక స్నేహితుడు, అందరికంటే ఎక్కువగా, ఆ బేరం వద్దని పట్టుబట్టాడు. ఎందుకని నేనడగలేదు. మా వాళ్లు బేరం ఒప్పుకోలేదు, ఆ నెల కిస్తీ ఆలస్యమైంది. నాకు గుర్తున్న మంచి సాయంత్రాల్లో అదొకటి.

ఒక నౌకలో గాలి, తిండి, మంచం కుదిరాక మిగిలేది మాట. ఎవరి మాట ఎవరు వినాలి? మనుషుల నౌకలో దానికి జవాబు కాగితాల్లో ఉంటుంది. కెప్టెన్ చెప్తే వినాలి. ఇక్కడికి వార్గర్లను తీసుకురండి. ట్రావెలర్ లోకంలో వార్గర్లంటే మూడు లక్షల ఏళ్ల కిందట ప్రాచీన జాతి ఒకటి మన భూమి తోడేళ్లను తీసుకెళ్లి, వాటి శరీరాన్ని, బుద్ధిని మార్చగా పుట్టినవాళ్లు. మనిషి పాత్ర కాగితంలో సాంఘిక హోదా అని ఒక అంకె ఉండే చోట వార్గర్‌కు ఆకర్షణ అని ఒక అంకె ఉంటుంది. హోదా ఒకసారి వస్తే నిలుస్తుంది. ఈ ఆకర్షణ మాత్రం నలుగురి ముందు గెలిస్తే పెరుగుతుంది, నలుగురి ముందు ఓడితే పడిపోతుంది. ఆ జాతిలో పదవి చూసి ఎవరూ లొంగరు, ఎదుటివాళ్ల తేజస్సు చూసి వెంట నడుస్తారు. అది తగ్గితే పక్కవాళ్ల వెంట నడుస్తారు. ద్రోహం అన్న మాట వాళ్ల లెక్కలోకి రాదు.

మా నౌక కెప్టెన్ పాత్ర ఆడేది మాకందరికీ అక్క. ఒక రేవులో అధికారి దిగుమతి సుంకం రెట్టింపు అడిగాడు. ఆవిడ కాసేపు బేరమాడింది, పాచిక కలిసిరాలేదు, ‘సరే, కట్టేస్తాం’ అంది. మాలో చిన్నవాడు, వార్గర్ పాత్ర ఆడేవాడు, ఏమీ మాట్లాడకుండా తన కాగితాన్ని అక్క పక్కనుంచి తీసి పైలట్ ముందుకు జరిపాడు.

‘ఏంట్రా అది?’

‘ఇకనుంచి నేను పైలట్ అన్న మాట వింటానక్కా.’

‘నేను కెప్టెన్ని రా. నౌక నా పేరు మీద ఉంది.’

‘నౌక మీ పేరు మీదే ఉందక్కా. నేను లేను.’

అక్కకు కోపం వచ్చింది. ఆట కోపం, దానితో పాటు కొంచెం నిజం కోపం కూడా. సుంకం కట్టకపోతే నౌకను ఆపేసేవాళ్లు కదా, తగ్గితే తప్పేమిటని వాదించింది. పిల్లవాడు తన పాత్రలోంచి కదలకుండా, మీరు తప్పు చేశారని నేననలేదు, మీరు చిన్నబోయారని అన్నాను, అన్నాడు. అప్పుడు పైలట్ పాత్ర ఆడే ఆయన అడిగిన ప్రశ్న నాకు చాలాకాలం పనికొచ్చింది. ‘మరి మనం ఎందుకు వింటున్నాం, ఓడిపోయాక కూడా?’ అన్నాడు. వినాలని రాసుంది కనుక వింటున్నామా, విన్నందువల్ల నౌక నిలబడుతోందని నమ్మి వింటున్నామా, అలవాటై వింటున్నామా? నౌకలో అందరూ మనుషులే ఉన్నంతకాలం ఎవరికీ తట్టని ప్రశ్న అది. ఆ తర్వాత చాలా వారాలు అక్క ఆ వార్గర్‌ను హుకుంతో పిలవలేదు. ఏం చేసినా వాడి కళ్ల ముందు చేసింది. కాగితం మళ్లీ ఆవిడ పక్కకు ఎప్పుడు జరిగిందో మాలో ఎవరూ గమనించలేదు.

ఇలా ఆడటానికి గొప్ప నటన అక్కర్లేదు. ఒక్క చోట, ‘మా వాళ్లు అలా చేయరు’ అనగలిగితే చాలు. దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ లెనర్డ్ నిమోయ్. 1966లో టీవీలో మొదలైన ‘స్టార్ ట్రెక్’లో మనుషుల నౌకలో పరాయి అధికారి స్పాక్ పాత్ర ఆయనది. ఆ చెవులూ కనుబొమలూ చూసి చానల్ వాళ్లు జంకారు. ప్రకటనల పుస్తకంలో ఆ చెవుల మొనలను చెరిపేయించారు కూడా. ఆ ఏడే వచ్చిన ఒక కథలో, స్పాక్ వెనకనుంచి వచ్చి తుపాకీ మడమతో ఒకరిని కొట్టి పడేయాలని రాసి ఉంది. నిమోయ్ ఒప్పుకోలేదు. స్పాక్ జాతివాళ్లైన వల్కన్‌లు అలా కొట్టరు, మెడ దగ్గర వేళ్లతో నొక్కి స్పృహ తప్పిస్తారు అని తానే చేసి చూపించాడు. ఆ ఒక్క నిరాకరణతో ఒక జాతికి మర్యాద, శరీర విజ్ఞానం, హింస పట్ల ఒక వైఖరి అన్నీ ఏర్పడ్డాయి. మరుసటి ఏడు ఆ జాతివాళ్లు ఒకరికొకరు నమస్కరించుకునే తీరు కావాల్సి వచ్చింది. బోస్టన్‌లో తన చిన్నతనాన యూదుల ప్రార్థనా మందిరంలో పూజారులు ఆశీర్వదిస్తూ వేళ్లు విడదీసి పట్టిన ముద్ర ఆయనకు గుర్తొచ్చింది. చూడకూడదని పెద్దవాళ్లు చెప్పినా ఆ పిల్లవాడు తలెత్తి చూసిన ముద్ర అది. దాన్నే వల్కన్‌లకు ఇచ్చాడు. పరాయితనాన్ని ఎక్కడో నక్షత్రాల్లోంచి పట్టుకు రానవసరం లేదు. మనం చూసీ అర్థం కాక దాచుకున్నవి చాలా ఉంటాయి.

ఇక్కడ ఒక బరువైన మాట చెప్పాలి. ఈ ఆటల పుస్తకాల్లో ఒక్కో జాతికీ ఒక్కో స్వభావం రాసి ఉంటుంది. వీళ్లు తర్కజీవులు, వీళ్లు పోట్లాటగాళ్లు, వీళ్లు నిలకడ లేనివాళ్లు. ట్రావెలర్‌లోని సింహాల్లాంటి అస్లాన్‌లలో మగవాళ్లకు భూమీ పరువూ, ఆడవాళ్లకు డబ్బూ వ్యాపారమూ. డబ్బు లెక్క తెలిసిన మగవాడు అక్కడ విడ్డూరం. చదవడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఫలానా కడుపున పుడితే ఫలానా గుణం, ఫలానా పని అన్న మాటను మన నేల మీద పుట్టినవాళ్లెవరూ ముచ్చటగా చదివి ఊరుకోకూడదని నా అభిప్రాయం. ఆ మాట ఎంతమంది జీవితాలను నలిపిందో మన ఊళ్లు చెప్తాయి. ఈ ఇబ్బంది అమెరికాలోనూ గట్టిగా చర్చకు వచ్చింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో పుట్టుకను బట్టి వచ్చే బలం, తెలివి అంకెలను 2020లో సడలించారు. 2024 పుస్తకంలో ఆ అంకెలను పుట్టుక నుంచి పూర్తిగా విడదీసి, పాత్ర పెరిగిన తీరుకూ చేసిన పనికీ ముడిపెట్టారు. మంచి పని.

అయితే పరాయి ప్రాణి విషయంలో అది సగమే పరిష్కారం. శరీరం వేరైతే లోకం వేరుగా కనబడక తప్పదు. ముక్కుతో చూసే ప్రాణికీ కంటితో చూసే ప్రాణికీ ఒకే నౌక రెండు నౌకలు. ఆ తేడాను చెరిపేస్తే మళ్లీ మనిషే మిగులుతాడు. అందుకని మా బల్ల దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం. పరాయి పాత్ర తీసుకున్నవాళ్లు పుస్తకంలోని ఆ జాతి పేజీ మొత్తం చదవాలి. చదివాక అందులో ఒక వాక్యం ఎంచి పెన్సిల్‌తో కొట్టేయాలి. తన జాతి గురించి లోకం చెప్పేవాటిలో తనకు సరిపోనిది ఏదో అది. ఎందుకు సరిపోదో చెప్పాలి. ఆ జవాబులోనే ఇంకో ప్రశ్నకూ జవాబు ఉంటుంది: వీళ్లు సొంతవాళ్లను వదిలి, మనుషుల ఇరుకు నౌకలో, మనుషుల కంపు భరిస్తూ ఎందుకున్నారు? డబ్బు లెక్కలంటే ఇష్టమున్న అస్లాన్ మగవాడు ఇంట్లో ఉండలేడు. మా నౌకలో అతను పద్దులు రాస్తాడు. తన దేశపు రేవులో ఆగినప్పుడు ఆ పుస్తకం అతని చేతిలో కనబడకుండా స్టీవార్డ్ తీసి దాచుతుంది. ఎవరూ చెప్పకుండానే ఆవిడ ఆ పని చేసింది.

స్టీవార్డ్ అలా చేయడానికి కారణం అతను అతిథి కాకపోవడం. అతిథి అయితే మర్యాద చేసి పంపేస్తాం, తోటి సిబ్బంది అయితే కాచుకోవాలి. 1984 ఏప్రిల్‌లో మన వ్యోమగామి రాకేశ్ శర్మ సోయుజ్ టి-11లో సోవియట్ అంతరిక్ష కేంద్రం సాల్యూత్-7కు వెళ్లినప్పుడు, అక్కడి స్టార్ సిటీలో తర్ఫీదు పొంది, రష్యన్ నేర్చుకుని, ఇతర దేశస్థుల నౌకలో ఒకడిగా ఎక్కాడు. మైసూరు ప్రయోగశాలలో తయారైన మన వంటకాలు ఆయన వెంట వెళ్లాయి. భారరహిత స్థితిలో యోగాసనాలు వేసి చూడటం ఆయన పనుల్లో ఒకటి. వంటకాలు పంచుకోవడం దగ్గర అతిథి, ప్రయోగాలు చేయడం దగ్గర సిబ్బంది. ఆటలో కూడా నేను ఈ రెండోదాని మీదే పట్టుబడతాను. పరాయి ప్రాణికి తుపాకీ ఇచ్చి మూల కూర్చోబెట్టొద్దు. ఇంజిన్ గదో, మందుల అల్మరానో, తాళం చెవులో ఇవ్వండి. తప్పు జరిగితే అందరూ పోయే పని ఏదో అది ఇవ్వండి. అప్పుడు మనుషులు ఆ ప్రాణిని అర్థం చేసుకోవడం సరదాకు చేసే పనిగా ఉండదు.

మా ప్రస్తుత నౌకలో ఇంజినీర్ పుస్తకంలో లేని జాతి. ఆడే అమ్మాయే తయారుచేసుకుంది. డాల్ఫిన్లు మెదడులో ఒక సగాన్ని నిద్రపుచ్చి రెండో సగంతో మెలకువగా ఉంటాయన్న సంగతి ఆమెకు నచ్చింది. ఆమె ప్రాణి అలాగే నిద్రపోతుంది. ఎప్పుడూ సగం మేలుకునే ఉంటుంది. కుడి సగం మేలుకున్న వేళ ధైర్యం ఎక్కువ, ఎడమ సగం మేలుకున్న వేళ జాగ్రత్త ఎక్కువ. ఆ అమ్మాయి రెండు రంగుల పెన్నులు పెట్టుకుని, ఏ సగం మాటిచ్చిందో ఆ రంగులో రాసుకుంటుంది. ఒక సగం ఇచ్చిన మాటకు రెండో సగం కట్టుబడుతుంది గానీ, కాస్త నొచ్చుకుంటుంది.

నేను ఎదురుచూడనిది ఒకటి జరిగింది. ఆ ఇంజినీర్ వచ్చాక నౌకలో రాత్రి కాపలా అక్కర్లేకపోయింది. ఎప్పుడూ ఒకరు మేలుకుని ఉన్నారు కదా, అందరూ హాయిగా పడుకోవచ్చు. లాభమే. అయితే అంతకుముందు రాత్రి కాపలా డాక్టర్‌ది. నౌకంతా నిద్రపోతుంటే ఒక్కడూ టీ కప్పుతో కూర్చుని, తన చెల్లెలికి ఎన్నడూ పంపని ఉత్తరాలు రాసుకునేవాడు. ఆ పాత్రకు ఉన్న ఏకాంతమంతా అదే. ఇప్పుడది పోయింది. ఆ పాత్ర ఆడే ఆయన చాలా రోజులు ఏమీ అనలేదు. ఒకరోజు ఇంజినీర్‌తో, ‘మీరు రాత్రిపూట కాసేపు కళ్లు మూసుకోగలరా’ అని అడిగాడు. ఎందుకని ఆమె అడిగింది. చెప్పాడు. ఆమె జాతికి ఒంటరితనం అంటే ఏమిటో తెలియదు, ఎప్పుడూ లోపల ఇంకో సగం తోడుంటుంది కనుక. అర్థం కాలేదని నిజాయతీగా చెప్పింది. అయినా ఆ రాత్రి నుంచి ఒక గంట నౌకను నడిపే గదిలోంచి దిగి, ఇంజిన్ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటోంది. సాయం చేసేవాళ్లు వచ్చినా ఏదో పోతుంది, పోయినదేదో చెబితే తప్ప వచ్చినవాళ్లకు తెలియదు. ఈ సంగతి నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు, ఆ బల్ల దగ్గర దొరికింది.

ఆ గంటల్లో ఇంజినీర్ ఏం చేస్తోందని ఒకరోజు అడిగాను. ఆ అమ్మాయి సంచిలోంచి ఒక కాగితం తీసింది. పుస్తకంలో ఒక్కో జాతికీ ఒక పేజీ ఉన్నట్టే, తన పాత్ర చేత ‘మనిషి’ అన్న పేజీ రాయించింది. ఆట పుస్తకాల్లో ఆ పేజీ ఎప్పుడూ పలచగానే ఉంటుంది, మనిషంటే ఏమిటో మనకు తెలుసు కదా అన్నట్టు. ఈమె పేజీ నిండిపోయింది. సంతోషం వచ్చినా బెదిరించాలన్నా పళ్లు చూపిస్తారు. కలిసి తింటున్నప్పుడు ఒప్పుకునే షరతులు విడిగా అడిగితే ఒప్పుకోరు. యంత్రాలకు చనిపోయినవాళ్ల పేర్లు పెట్టి, అవి ఆగిపోతే వాటిని తిడతారు. మాటల కంటే గొంతును ఎక్కువ నమ్ముతారు. రోజూ కొన్ని గంటలు ఒళ్లు తెలియకుండా పడి ఉంటారు, ఆ సమయంలో ఎవరైనా చంపవచ్చని తెలిసి కూడా గది తలుపు గడియ వేసుకోరు. వీళ్లకు అన్నిటికంటే పెద్ద భయం నవ్వులపాలు కావడం.

బల్ల దగ్గర అందరూ తలా ఒకసారి చదివారు. అక్క రెండుసార్లు చదివి, చివరి వాక్యం తీసేయమంది. అమ్మాయి తీయనంది. నేను ఆ పేజీని జిగురుతో మా రూల్ పుస్తకంలో, మిగతా జాతుల పేజీల మధ్య, అకారాది క్రమంలో రావాల్సిన చోట అతికించాను. ఇప్పుడు మా ఆటలో మనిషి పాత్ర తీసుకునేవాళ్లు కూడా ముందు ఆ పేజీ చదవాలి, తమకు సరిపోని వాక్యం ఒకటి పెన్సిల్‌తో కొట్టేయాలి, ఎందుకో చెప్పాలి. ఈమధ్య కొత్తగా చేరినాయన గడియ వేసుకోరన్న వాక్యం కొట్టేశాడు. తన పాత్ర ప్రతి రాత్రీ గడియ వేసుకుంటుందట. దాని కారణం వచ్చే వారం చెప్తానన్నాడు. ఇంజినీర్ మాత్రం అప్పుడే రెండు రంగుల్లోనూ ఆ సంగతి రాసిపెట్టుకుంది.